దూరపు ఓడలకు మజిలీ: కోరంగి రేవు

మైదుకూరు నాలుగు దారుల కూడలి. కడప, నంద్యాల, ప్రొద్దుటూరు, బద్వేలు మార్గములు అచ్చట కలియును. లారీలు రాకపూర్వము సరకుల బండ్లు ఈ దారుల వెంట దినముల తరబడి నడచునప్పుడు, మజిలీలో బండివానికి మూడు పనులుండెడివి. ఎద్దులకు నీరును మేతయు చూపుట. ఇరుసుకు కందెన వేసి, సడలిన కట్లు బిగించుట. తానింత వండుకొని తిని కన్ను మూయుట. ఈ మూటిలో ఏది తప్పినను మరునాటి దారి సాగదు. సముద్రము మైదుకూరుకు దూరమే. అయినను గాలిని నమ్ముకొని నెలల తరబడి నడచిన తెరచాప ఓడకు కావలసినదియు ఇదియే. అట్టి ఓడలకు ఆంధ్రతీరమున మజిలీయై వెలసిన కోరంగి రేవును గూర్చి నేడు ముచ్చటించుకొందము.

కొయ్య ఓడకు తుపాను అప్పుడప్పుడు వచ్చు శత్రువు, ఉప్పునీరు నిత్యశత్రువు. వెచ్చని సముద్రములలో ఒక జాతి పురుగు ఓడ అడుగు పలకలను తొలిచి జల్లెడ చేయును. నాచు, గుల్లలు పట్టి ఓడ వేగము తగ్గును. అలల తాకిడికి పలకల సందులు వదలి నీరు లోనికి ఊరును. పీపాలలోని మంచినీరు కంపు కొట్టును. కాయగూరలు కరవై నావికుల చిగుళ్ళు వాచి నెత్తురు కారును. కనుక అడపాదడపా ఓడను ఒడ్డుకు చేర్చి, అడుగు భాగము బయటపెట్టి, పీకి, అతికి, పూత పూయవలసినదే.

కాని చేర్చుటకు చోటేది? మన తూర్పుతీరము చాలవరకు తెరపి లేని బయలు. చెన్నపట్టణమున సయితము 19వ శతాబ్ది చివరి భాగమున రేవుగోడలు కట్టువరకు ఓడలు దూరముగా లంగరు దించి నిలిచెడివి. మనుషులును సరకులును మసూలా పడవలపై అలలు దాటవలసి వచ్చెడిది. ఈశాన్య ఋతుపవనము వీచు దినములలో అచ్చట నిలుచుట ప్రాణాంతకము.

యానామునకు చేరువ, గోదావరి పాయ యొడ్డున ఉన్న కోరంగికి ప్రకృతి ఒక వరమిచ్చెను. అది మెత్తని ఒండ్రు. పోటు వేళ లోనికి వచ్చిన ఓడ, పాటు వేళ ఆ బురదపై దెబ్బ తగులకుండ కూర్చుండెడిది. పైనున్న అడవుల టేకు మ్రాకులు గోదావరి వెంట తేలివచ్చెడివి. డెల్టా ధాన్యము, నదిలోని మంచినీరు చేరువనే లభించెడివి. వడ్రంగులు పలకల సందులలో పీచు కుక్కి, గుగ్గిలమును నూనెతో కాచి పూసెడివారు. 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఎబెనెజర్ రోబక్ అను ఆంగ్లేయుడు అచ్చట ఓడలను బాగుచేయుటకు పెద్ద గుండమును త్రవ్వించెను. కలకత్తాకును, సింహళమందలి తిరుకోణమలకును నడుమ పెద్ద ఓడలను ఇట్లు మరమ్మతు చేయగల తావు కోరంగి యొక్కటే యని ప్రసిద్ధి. బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు ఈ రేవును బట్టియే వచ్చినది.

అయితే వరమిచ్చిన ఒండ్రే శాపమును ఇచ్చెను. తీరపు నీరు లోతు తక్కువయైనచోట తుపాను త్రోసిన నీటికి క్రిందికి పోవు దారి లేదు. అది పైకి లేచి నేలమీద పడును. 1780ల దశకములో ఒకమారు, 1839 నవంబరులో మరియొకమారు ఉప్పెన కోరంగిని ముంచివేసెను. విశ్రాంతికై వచ్చిన ఓడలును, వానిని బాగుచేయు చేతులును ఒక్కటిగా కొట్టుకొనిపోయినవి. ఆంగ్లమున ‘సైక్లోన్’ అను పదమును 1840ల దశకమున కల్పించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెనను తన రచనలలో ప్రస్తావించెను. ఉప్పెన ఒక దినమున చేసిన పనిని నది ఏండ్ల తరబడి కొనసాగించెను. పాయ పూడి, పెద్ద ఓడలు రాజాలక, వర్తకము కాకినాడకు తరలెను.

నేడు అదే ఒండ్రుపై మడ అడవులు దట్టముగా పెరిగినవి. 1978లో ప్రభుత్వము ఆ ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించెను. ఆ చెట్ల వేళ్ళు అలల ఉరవడిని తగ్గించి వెనుకనున్న పల్లెలకు అండగా నిలుచుచున్నవి. ఓడలను కాచిన బురద ఇప్పుడు ఊళ్ళను కాచుచున్నది.

ఓడలు మారినను మజిలీ అవసరము తీరలేదు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు నౌకాదళ వనితలు ‘తారిణి’ అను తెరచాప నావపై గోవా నుండి భూప్రదక్షిణకు బయలుదేరిరి. వారిలో విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య తెలుగువారు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్ ముందుగా నిర్ణయించిన మజిలీలు. కేప్ టౌన్ దాటిన పిదప చుక్కాని యంత్రాంగము చెడుటచే, అనుకొనని అయిదవ మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయీ చేరవలసి వచ్చెను. 2018 మే 21న వారు గోవాకు తిరిగివచ్చిరి. 254 దినముల యాత్రలో సముద్రముపై గడచినవి 199. తక్కిన 55 దినములు రేవులలో గడచినవి. ఆ 55 దినములు లేనిదే ఈ 199 దినములు లేవు.

యాత్రల చరిత్రలో నావికుల పేర్లు నిలుచును. సందులలో పీచు కుక్కిన వడ్రంగి పేరు నిలువదు. కోరంగి కథ వినునప్పుడు ఆ పేరులేని పనివారిని కూడ తలచుకొనుట న్యాయము.