పాత జిప్సీని కొండదారికి సిద్ధం చేయడం: ఏం మార్చాలి, ఏం మార్చకూడదు

కోలారు, హోసూరు, బళ్ళారి, సోలాపూర్, రాయగడ, జయపురం వైపు స్థిరపడిన మన కుటుంబాల్లో పాత ఫోర్ వీల్ బండి ఉన్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. తోటకు వెళ్ళడానికి తాతగారో నాన్నగారో కొన్న బండి అది. ఇప్పుడు పిల్లలు దాన్ని షెడ్డులోంచి తీసి సహ్యాద్రి ఘాట్లకో, జవాది కొండలకో, కోరాపుట్ దారులకో తీసుకెళ్దామంటున్నారు. ఆ ముచ్చట మంచిదే. అయితే ఈ పనిలో డబ్బు వృథా కావచ్చు, రిజిస్ట్రేషన్ చిక్కుల్లో పడవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే ఎక్కువ మంది దగ్గర ఉన్న మారుతీ జిప్సీని ఉదాహరణగా తీసుకుని విషయాలన్నీ ఒకచోట పెడుతున్నాం. పాత మహీంద్రా జీపులకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

బండి సంగతి

జిప్సీ మన దేశంలోకి 1985లో 970 సీసీ పెట్రోలు ఇంజిన్‌తో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్‌తో జిప్సీ కింగ్, 2000 తర్వాత అదే ఇంజిన్ ఎంపీఎఫ్ఐ రూపంలో 80 హార్స్ పవర్‌తో వచ్చాయి. మామూలు కొనుగోలుదారులకు అమ్మకం 2019లో ఆగిపోయింది. బరువు టన్నుకు కాస్త తక్కువ, నేలకు బండికి మధ్య ఎత్తు 210 మి.మీ. విడిగా నిచ్చెన లాంటి ఛాసీ, ముందూ వెనుకా గట్టి యాక్సిళ్ళు, నాలుగు వైపులా కమాన్ కట్టలు ఉంటాయి.

కొండదారిలో దీని బలం ఇంజిన్‌లో కంటే తేలికదనంలోనే ఎక్కువగా ఉంది. రెండు టన్నుల బండి కూరుకుపోయే బురదలో ఇది తేలుతుంది. కాబట్టి ఏ సామాను బిగించే ముందైనా ఒక ప్రశ్న వేసుకోవాలి: దీనివల్ల బండి బరువు ఎంత పెరుగుతుంది? ఇనుప బంపర్లు, పైన ఇనుప క్యారియర్, రెండు స్టెప్నీలు, వించి అన్నీ పెట్టేస్తే జిప్సీకి ఉన్న ఒక్క గొప్ప గుణం పోతుంది.

ముందుగా చట్టం

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన సెక్షన్ 182ఎ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ముందు బిగించే ఇనుప బుల్ బార్ల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. బుల్ బార్ గుద్దిన మనిషికి ప్రమాదం, గుద్దుడు శక్తి నేరుగా ఛాసీకి చేరడం వల్ల లోపల కూర్చున్నవాళ్ళకూ ప్రమాదమే.

ఇంజిన్ మార్పు, పెట్రోలు బండికి డీజిల్ ఇంజిన్, బాడీ కోత, ఛాసీ పొడవు మార్పు లాంటివి ఆర్‌టీఓ ముందస్తు అనుమతి లేకుండా తలపెట్టవద్దు. "మా ఊళ్ళో అందరూ చేయిస్తున్నారు" అని గ్యారేజీ మేస్త్రీ చెప్పే మాట తనిఖీలో అక్కరకు రాదు.

పాత బండి కాబట్టి మరో సంగతి. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో అసలు రూపానికి దూరమైన బండి ఆగిపోవచ్చు. తాతగారి బండి కాగితాల్లో బతికి ఉండాలంటే ఈ ఒక్క కారణం చాలు.

రెండు రాష్ట్రాల మధ్య బతికే మన కుటుంబాలు సెక్షన్ 47ను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. యానాం పీవై-04 నంబరుతో కాకినాడలో ఉండిపోయిన బండికైనా, అనంతపురం నంబరుతో బెంగళూరులో ఉండిపోయిన బండికైనా ఇదే నియమం. పాత రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకునే పని బండి మీద ఖర్చు పెట్టకముందే పూర్తి చేసుకోండి. బండికి చేసిన మార్పులు బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

ఇంత చెప్పాక భయం వేయవచ్చు. నిజానికి కొండదారికి కావలసిన వాటిలో చాలావరకు ఆర్‌సీని తాకని పనులే. ఇక వాటిని చూద్దాం.

రిపేర్లు ముందు, సింగారం తర్వాత

బండిని లిఫ్టు మీద ఎక్కించి కింది నుంచి చూడండి. మొదట తుప్పు. యానాం, చెన్నై, గంజాం తీరాల్లో తిరిగిన బండి ఛాసీ పైకి బాగానే కనిపించినా లోపల తినేసి ఉంటుంది. కమాన్ కట్టల బ్రాకెట్లు ఛాసీకి అతికిన చోట్లా, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటా చిన్న సుత్తితో తట్టి చూడాలి. ఖంగున మోగితే ఇనుము ఉన్నట్టు, మొద్దుగా శబ్దమొస్తే పొరలు లేచినట్టు. ఛాసీ బలం పోయి ఉంటే మిగతా ఖర్చంతా దండగ.

రెండోది ముందు యాక్సిల్. పాత జిప్సీల్లో గంటకు 50, 60 కి.మీ. వేగంలో స్టీరింగ్ ఒక్కసారిగా గజగజలాడడం చాలామందికి తెలుసు. కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, కమాన్ బుష్‌లు అరిగిపోవడం, చక్రాల బ్యాలెన్స్ తప్పడం దీనికి ప్రధాన కారణాలు. స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి బిగించి వణుకు కప్పిపెడితే రోగం లోపలే ఉంటుంది. బేరింగులు మార్చాకే డ్యాంపర్ గురించి ఆలోచించాలి.

మూడోది బ్రేకులు. రబ్బరు గొట్టాలు పదేళ్ళు దాటితే చూడ్డానికి బాగున్నా మార్చేయండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ వల్ల పొడవైన ఘాట్ దిగుడులో ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్ళకోసారి మార్చడం మంచిది.

నాలుగోది చల్లబరిచే ఏర్పాటు. లో గేరులో నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఎదురు గాలి ఉండదు, ఇంజిన్ మాత్రం గట్టిగా పనిచేస్తుంది. రేడియేటర్ లోపల పాచి తీయించి, గొట్టాలు, థర్మోస్టాట్, ఫ్యాన్ సరిచూసుకోవాలి.

టైర్లు: అన్నిటికంటే పెద్ద తేడా

ఒక్క పనికే డబ్బుంటే టైర్లు మార్చండి. నున్నటి రోడ్డు టైర్ల స్థానంలో ఆల్ టెర్రెయిన్ రకం వేస్తే బండి స్వభావమే మారుతుంది. వారానికి ఆరు రోజులు ఊళ్ళో తిరిగే బండికి ముతక గళ్ళ మడ్ టైర్లు వద్దు. తడి రోడ్డు మీద వాటి పట్టు తక్కువ, మోత ఎక్కువ.

పెద్ద సైజు మోజు గురించి లెక్క చూద్దాం. 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మి.మీ. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే 733 మి.మీ. దాటుతుంది. తేడా 65 మి.మీ. అనిపించినా నేల నుంచి పెరిగే ఎత్తు అందులో సగమే, అంటే దాదాపు 33 మి.మీ. అందుకు మనం చెల్లించేది ఇదీ: ప్రతి గేరూ దాదాపు 10 శాతం బరువెక్కుతుంది, స్పీడోమీటరు 60 చూపిస్తే బండి నిజంగా 66లో పోతుంటుంది, బ్రేకు మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు కమాన్‌కో బాడీకో రాసుకుంటుంది. 80 హార్స్ పవర్ ఇంజిన్‌కు ఇది చిన్న భారం కాదు. 215/75 ఆర్15 వేస్తే టైరు ఎత్తు సుమారు 703 మి.మీ., గేర్ల మీద భారం 5 శాతం. కంపెనీ చెప్పిన సైజు దాటితే తనిఖీలో ప్రశ్న వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

గాలి తగ్గించడం పైసా ఖర్చు లేని మార్పు. రాళ్ళ దారి మొదలయ్యే చోట 18 నుంచి 20 పీఎస్ఐకి దించితే టైరు సాగి, రాయిని కౌగిలించుకున్నట్టు పట్టుకుంటుంది, కుదుపు కూడా తగ్గుతుంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్ళీ నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. ఒక గేజీ, బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్ బండిలో ఉండాలి.

కమాన్ కట్టలు, ఎత్తు

కుంగిపోయిన కమాన్ కట్టలకు మరో పట్టీ చేర్చడం మన గ్యారేజీల్లో అలవాటు. దానివల్ల బండి లేస్తుంది కానీ బిరుసెక్కుతుంది. కొండదారిలో కావలసింది మెత్తగా పైకీ కిందికీ ఆడే చక్రం. గుంటలోకి చక్రం దిగకపోతే గాలిలో తేలి ఊరికే తిరుగుతుంది. కాబట్టి కొత్త కట్టలు వేయించుకోవడం, లేదా నమ్మకమైన కమాన్ షాపులో ఉన్నవాటికి వంపు తిరిగి పెట్టించడం మేలు. వాటికి తగిన పొడవున్న షాక్ అబ్జార్బర్లు, కొత్త బుష్‌లు కూడా కావాలి.

పొడవాటి షాకిళ్ళతో ఎత్తు పెంచితే ముందు యాక్సిల్ వాలు మారి స్టీరింగ్ తనంతట తాను నిలబడే గుణం తగ్గుతుంది. యాక్సిల్ కింద ఉన్న కమాన్‌ను యాక్సిల్ పైకి ఎక్కించే పద్ధతి ఒకటుంది. ఒక్కసారిగా నాలుగైదు అంగుళాలు లేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి జాయింట్ క్రాసులు త్వరగా పోతాయి, బ్రేక్ గొట్టాలు చాలవు, స్టీరింగ్ లింకు వంకర పడుతుంది, పక్కవాలులో బండి బోల్తాకు దగ్గరవుతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి దీన్ని మేము సిఫారసు చేయము.

గేర్లు, డిఫరెన్షియల్

జిప్సీ ట్రాన్స్‌ఫర్ గేరులో హై 1.409, లో 2.268. అంటే లో వేస్తే చక్రం దగ్గర బలం సుమారు 1.6 రెట్లవుతుంది, వేగం అంత మేరకు తగ్గుతుంది. ముందు హబ్బులను చేత్తో తిప్పే రకమైతే దారి మొదట్లోనే లాక్ చేయండి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కనుక పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తిప్పితే గేర్ల మీద ఒత్తిడి పేరుకుని విరిగే ప్రమాదముంది.

మామూలు డిఫరెన్షియల్ పట్టు లేని చక్రం వైపే తిప్పుడును వదిలేస్తుంది. ఎదురుబొదురుగా రెండు చక్రాలు గాలిలోకి లేస్తే బండి నిలబడిపోవడానికి కారణం ఇదే. లాకింగ్ డిఫరెన్షియల్ దీనికి మందు. అయితే ఖరీదు ఎక్కువ, యాక్సిల్ షాఫ్టుల మీద భారమూ ఎక్కువే. ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళేవాళ్ళకు మంచి టైర్లు, తగ్గించిన గాలి, చక్రం పెట్టే చోటు ముందే చూసుకునే ఓపిక చాలు.

నీళ్ళ దారి

యాక్సిళ్ళకూ గేర్ బాక్సుకూ గాలి పీల్చే చిన్న బ్రీదర్లు ఉంటాయి. వేడెక్కిన యాక్సిల్ చల్లటి వాగులో దిగితే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ గుండా నీళ్ళు లోపలికి లాగుతుంది. వాటికి రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గదిలో ఎత్తున కట్టడం తక్కువ ఖర్చుతో అయ్యే మేలైన పని. వాగు దాటాక ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే వెంటనే మార్చాలి. డిస్ట్రిబ్యూటర్ తడిసినా పెట్రోలు ఇంజిన్ ఆగిపోతుంది, మూత కింది సీలు చూసుకోండి. వాగు మధ్యలో ఇంజిన్ ఆగితే మళ్ళీ స్టార్ట్ చేయవద్దు. సిలిండర్లోకి నీళ్ళు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

లాగే సామాను

ముందూ వెనుకా ఛాసీకే బోల్టులతో బిగించిన కొక్కేలు ఉండాలి. బంపరుకో, ట్రెయిలర్ గుండుకో తాడు కట్టి లాగితే అది ఊడి తుపాకీ గుండులా వస్తుంది. గొలుసు వద్దు. బరువుకు తగిన బట్ట పట్టీ, రేటింగ్ ముద్రించిన రెండు డి షాకిళ్ళు, ఒక పార, చేతి తొడుగులు చాలు. లాగేటప్పుడు తాడు మధ్యలో తడి గోనెసంచి వేసి, మనుషులను తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టండి. వించి కొనేవాళ్ళు సామాను, మనుషులతో కలిపిన బరువుకు కనీసం ఒకటిన్నర రెట్ల సామర్థ్యం చూసుకోవాలి.

కొండ మీద

నిటారు దిగుడులో లో మొదటి గేరు వేసి క్లచ్ మీద నుంచి కాలు తీసేయండి. ఇంజిన్ పట్టి ఉంచుతుంది. ఎక్కేటప్పుడు మధ్యలో ఆగిపోతే బండిని పక్కకు తిప్పవద్దు. బ్రేకు పట్టి, రివర్స్ గేరు వేసి, వచ్చిన దారినే తిన్నగా దిగాలి. బోల్తాలు ఎక్కువగా జరిగేది వాలు మీద అడ్డం తిరిగినప్పుడే. స్టీరింగ్ లోపలి వైపు బొటనవేలు చుట్టవద్దు, చక్రం రాయికి తగిలితే వేలు విరుగుతుంది. అందరూ సీటు బెల్టు పెట్టుకోవాలి. వెనక పక్క సీట్లలో పిల్లలను కూర్చోబెట్టి ఇలాంటి దారుల్లోకి తీసుకెళ్ళవద్దు.

అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా వెళ్ళడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రిజర్వు అడవి, కాఫీ తోట, ఆదివాసీ గ్రామాల దారుల్లోనూ ముందుగా అడిగి వెళ్ళడమే మర్యాద. కోరాపుట్ కొండల్లో వానాకాలంలో మనం లోతు చేసిన చక్రాల గాడి అక్కడివాళ్ళకు ఏడాదంతా నడిచే దారి.

ఖర్చు వరుస

మేము సూచించే వరుస ఇది:

1. కాగితాలు, బీమా, అవసరమైతే ఎన్‌ఓసీ.
2. ఛాసీ తుప్పు, స్టీరింగ్, బ్రేకులు, రేడియేటర్.
3. టైర్లు, గేజీ, కంప్రెసర్.
4. కొక్కేలు, పట్టీ, షాకిళ్ళు, పార, మందుల పెట్టె.
5. బ్రీదర్ గొట్టాలు.
6. కమాన్ కట్టలు, షాక్ అబ్జార్బర్లు.
7. వించి, లాకర్ లాంటివి. ఏడాదిపాటు నడిపాక ఇంకా అవసరమనిపిస్తేనే.

మొదటి ఐదూ పూర్తయిన జిప్సీ సహ్యాద్రిలో, తూర్పు కనుమల్లో మామూలు కుటుంబం వెళ్ళగల దారుల్లో చాలావాటికి సరిపోతుంది. తోడుగా మరో బండి లేకుండా మాత్రం వెళ్ళవద్దు.