గుహలో దొరికిన మూలప్రతి

తెలుగు పండితుడు కంప్యూటరు ఆటల చరిత్ర వ్రాయడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. ఆడే వయసు దాటింది, ఆడే నేర్పు ఎన్నడూ లేదు. కాని ఈ ఆటలను సేకరించి దాచుకొనే అభిమానుల కథ చదువుతూంటే, పండిత శిక్షణలో మా గురువులు నేర్పిన పాఠపరిష్కరణమే అడుగడుగునా గుర్తుకు వచ్చింది. తాళపత్రాలకు పట్టిన గతే వీటికీ పట్టింది. తాళపత్రాలను కాపాడినవారి వంటి పిచ్చివారే వీటినీ కాపాడారు. ఆ సంగతి చెప్పడానికే ఈ టపా.

నా వద్ద పదవ తరగతి చదివిన ఒక విద్యార్థి కొన్నేళ్ళు అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చాడు. అతని ఇంటికి వెళ్ళినప్పుడు, బీరువాలో పుస్తకాల వలె వరుసగా పేర్చిన అట్టపెట్టెలు చూపించాడు. అందులో ఒకటి 1984లో ఇన్ఫోకామ్ అనే సంస్థ విడుదల చేసిన 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' ఆట. ఫ్లాపీ డిస్కుతో పాటు పెట్టెలో నల్లని అట్టతో చేసిన కళ్ళజోడు, పిసరంత దూది, మరికొన్ని కాగితాలు, ఒక చిన్న ఖాళీ ప్లాస్టిక్ సంచి ఉన్నాయి. సంచి ఎందుకని అడిగాను.

"అది ఖాళీ సంచి కాదు మాస్టారూ! అందులో కంటికి కనిపించనంత చిన్న అంతరిక్ష నౌకాదళం ఉంది. ఆ సంచి లేకపోతే పెట్టె అసంపూర్ణమే" అన్నాడు.

అప్పుడు నవ్వాను. ఇంటికి వచ్చి చదవడం మొదలుపెట్టిన తరువాత ఆ నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

ఈ ఆటలను సాహస క్రీడలు అంటారు. తొలినాళ్ళలో వీటికి బొమ్మలు లేవు. ఆటగాడు ఎక్కడ ఉన్నాడో, చుట్టూ ఏమున్నదో కంప్యూటరు వచనంలో వర్ణిస్తుంది. ఉత్తరానికి వెళ్ళు, దీపం తీసుకో అన్నట్లు ఒకటి రెండు మాటలు మనం టైపు చేయాలి. దానికి ఫలితం మళ్ళీ వచనంలోనే వస్తుంది. అనగా కథ చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య సాగే సంభాషణే ఆట.

ఈ వంశానికి మూలపురుషుడు విల్ క్రౌథర్. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో బీబీఎన్ అనే సంస్థలో ప్రోగ్రామరు. నేటి అంతర్జాలానికి పూర్వరూపమైన అర్పానెట్ నిర్మాణంలో పాలుపంచుకొన్నవాడు. ఆయనకూ ఆయన భార్య ప్యాట్రీషియాకూ గుహల అన్వేషణ వ్యసనం. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల కొలతలు తీసుకొని, వాటిని కంప్యూటరులోకి ఎక్కించి పటాలు గీసేవారు. ఫ్లింట్ రిడ్జ్ గుహలకూ మామత్ గుహలకూ లోలోపల దారి ఉన్నదని 1972 సెప్టెంబరులో కనిపెట్టిన బృందంలో ప్యాట్రీషియా ఉన్నారు. తరువాత ఆ దంపతులు విడిపోయారు. తన వద్దకు వచ్చిపోయే ఇద్దరు ఆడపిల్లల వినోదం కోసం 1975, 76 ప్రాంతంలో క్రౌథర్ ఒక ఆట వ్రాశాడు. తాను పాకిన గుహనే అక్షరాలలో నిలిపి, అందులో కొంత మాయ కలిపాడు. ఫోర్ట్రాన్ భాషలో సుమారు 700 పంక్తుల ప్రోగ్రాము, మరి 700 పంక్తుల దత్తాంశం. దానినే తరువాతివారు 'కొలోసల్ కేవ్' అనీ, ఒట్టి 'అడ్వెంచర్' అనీ అన్నారు.

ఆ ప్రతి ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పాకి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడ డాన్ ఉడ్స్ అనే విద్యార్థి కంటబడింది. ఆటలో కర్త పేరు క్రౌథర్ అని ఉన్నదే కాని ఆయన ఎక్కడివాడో తెలియదు. అప్పటి నెట్‌వర్కులో ఉన్న ప్రతి కంప్యూటరుకూ క్రౌథర్ అనే పేరుతో ఉడ్స్ ఒక ఉత్తరం పంపాడట. ఆ విధంగా కర్తను పట్టుకొని, అనుమతి పొంది, 1977లో ఆటను బాగా పెంచాడు. నన్నయ నాల్గవ ఆశ్వాసంలో విడిచిన అరణ్యపర్వాన్ని ఎఱ్ఱన పూరించిన వృత్తాంతం నాకు గుర్తుకు రావడం సహజమే కదా!

తరువాత జరిగినది కూడా మనకు పరిచయమైన కథే. ప్రతులు పెరిగిన కొద్దీ ఎవరికి తోచినట్లు వారు గదులు చేర్చారు, నిధులు చేర్చారు, వాక్యాలు మార్చారు. ఉడ్స్ 1977లో సిద్ధం చేసిన ఆటలో గరిష్ఠంగా 350 మార్కులు సంపాదించవచ్చు. ఇతరులు పెంచిన ప్రతులలో అది 550 అయింది, 551 అయింది, ఇంకా పైకి పోయింది. అభిమానులు ఆ సంఖ్యలనే ప్రతులకు పేర్లుగా పెట్టుకొన్నారు. 350 ప్రతి, 430 ప్రతి, 550 ప్రతి అని. మన పరిష్కర్తలు వ్రాతప్రతులకు క, ఖ, గ అని గుర్తులు పెట్టుకొన్నట్లే. ఏ ప్రతి నుండి ఏది పుట్టిందో వంశవృక్షాలు కూడా గీశారు.

ఇంత శ్రద్ధ చూపినా ఒక లోటు మిగిలింది. క్రౌథర్ స్వయంగా వ్రాసిన మూలప్రతి లేదు. అది పోయిందనే అందరూ అనుకొన్నారు. క్రౌథర్ వ్రాసినది గుహ వర్ణన మాత్రమేననీ, మరుగుజ్జులూ మంత్రాలూ వంటి అద్భుతాలన్నీ ఉడ్స్ చేర్చినవేననీ ఒక ప్రతీతి స్థిరపడింది. వింటే నిజమే అనిపిస్తుంది. ఒకడు గుహలు ఎరిగినవాడు, మరొకడు కల్పనాశీలి అని పంచిపెట్టడం ఎంతో సులువు.

డెనిస్ జెర్జ్ అనే అమెరికన్ ఆచార్యునికి ఆ సులువు నచ్చలేదు. ఉడ్స్ విద్యార్థిదశలో వాడుకొన్న కంప్యూటరు ఖాతాను స్టాన్‌ఫర్డులో ఎవరో భద్రపరచి ఉంచారు. ఆ భద్రప్రతిలో క్రౌథర్ మూలం బయటపడింది. జెర్జ్ దానిని చదివి ఊరుకోలేదు. గుహలు ఎరిగినవారిని వెంటబెట్టుకొని కెంటకీ వెళ్ళి, గుహలోకి దిగి, వచనంలోని ప్రతి మలుపునూ రాతిలోని మలుపుతో సరిచూశాడు. 2007లో తన వ్యాసం ప్రచురించాడు. తేలినది ఏమంటే, గుహ వర్ణన ఆశ్చర్యం కలిగించేంత యథార్థం. అంతకంటె ముఖ్యంగా, గొడ్డలి విసిరే మరుగుజ్జు, ఎక్స్-వై-జడ్-జడ్-వై అనే మంత్రాక్షరి క్రౌథర్ మూలంలోనే ఉన్నాయి. ఉడ్స్ పెంచినది చాలా ఉన్నది. కాని మాయను మొదట గుహలోకి తెచ్చినవాడు ఆ తండ్రే. మూలప్రతి దొరకకపోతే ఆ గౌరవం ఆయనకు ఎన్నటికీ దక్కేది కాదు. ప్రక్షిప్తమేదో, కవిహృదయమేదో తేల్చడానికి మన పండితులు పడిన పాట్లు ఎరిగినవారికి ఇందులోని ఆనందం వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఇన్ఫోకామ్ సంగతి. 'అడ్వెంచర్' చూసి ముగ్ధులైన ఎం.ఐ.టి. యువకులు నలుగురు, టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్, 1977లో 'జోర్క్' అనే ఆట మొదలుపెట్టారు. వారిలో కొందరు మరికొందరితో కలిసి 1979లో ఇన్ఫోకామ్ సంస్థను స్థాపించారు. ఆ రోజుల్లో ఒక్కొక్క కంపెనీ కంప్యూటరుది ఒక్కొక్క తీరు. ఒకదానికి వ్రాసిన ఆట మరొకదానిలో నడవదు. అందుచేత వారు ఎక్కడా లేని ఒక ఊహాయంత్రాన్ని కల్పించి, దానికి జడ్-మెషీన్ అని పేరు పెట్టి, ఆటలన్నీ దాని భాషలోనే వ్రాశారు. ప్రతి నిజమైన కంప్యూటరుకూ ఒక దుబాసీ ప్రోగ్రాము వ్రాస్తే చాలు, ఆటలన్నీ అందులో నడుస్తాయి. వ్యాపార సౌకర్యం కోసం చేసిన ఈ ఏర్పాటే ఆ ఆటలకు దీర్ఘాయువు పోసింది. ఆ కంప్యూటర్లన్నీ కాలం చేశాయి. ఎన్నడూ పుట్టని ఆ ఊహాయంత్రం మాత్రం నేటికీ చావలేదు.

1982లో వచ్చిన 'డెడ్‌లైన్' అనే అపరాధ పరిశోధన ఆటతో వారు పెట్టెలో వస్తువులు పెట్టడం ప్రారంభించారు. చెప్పవలసినదంతా డిస్కులో పట్టక, సాక్షుల వాంగ్మూలాలు కాగితాలపై అచ్చువేశారు. శవం దగ్గర దొరికినవంటూ మూడు తెల్లని మాత్రలు కూడా జతచేశారు. క్రమంగా ఆ వస్తువులలోనే చిక్కుముడుల సమాధానాలు దాచసాగారు. డిస్కును నకలు చేసినవాడి వద్ద కాగితం ఉండదు కనుక వాడు ముందుకు సాగలేడు. తరువాతి బొమ్మల ఆటలలోనూ ఈ పద్ధతి ఉంది. 1990 నాటి 'సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్' పెట్టెలో రెండు అట్టచక్రాలు ఒకదానిపై ఒకటి తిరిగే సాధనం ఉండేది. ఓడదొంగల ముఖాలను సరిగా కలిపి, అందులో కనబడిన సంఖ్య చెబితేనే ఆట తెరుచుకొనేది. కాబట్టి అట్టచక్రం పోతే డిస్కు ఉన్నా ఆట పోయినట్లే. సేకరణకర్తలు చిత్తుకాగితాల వంటి వాటి కోసం ఏళ్ళ తరబడి వెదకడం పిచ్చితనం కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఇన్ఫోకామ్‌ను 1986లో యాక్టివిజన్ కొన్నది, 1989లో మూసివేసింది. సంస్థలు తమ పాత సరుకును మరచిపోయాయి. అభిమానులు మరువలేదు. జడ్-మెషీన్ లోపల ఏమున్నదో బయటినుండే శోధించి తెలుసుకొని కొత్త దుబాసీలను వ్రాసుకొన్నారు. గ్రాహం నెల్సన్ అనే గణితజ్ఞుడు 1993లో 'ఇన్ఫార్మ్' అనే భాషను సృష్టించడంతో, చచ్చిపోయిన యంత్రానికి కొత్త ఆటలు వ్రాయడం కూడా మొదలైంది. బొమ్మల ఆటలకు ఇదే సేవ 2001లో ఆరంభమైన 'స్కమ్‌వీయం' చేసింది. 1994 నాటి 'బినీత్ ఎ స్టీల్ స్కై' ఆటను దాని కర్తలు 2003లో ఆ బృందం ద్వారా ఉచితంగా లోకానికి ఇచ్చివేశారు. అటువంటి ఔదార్యం అందరికీ లేదు.

అమెరికాలో 2010కి పూర్వం విడుదలైన ఆటలలో నూటికి 87 నేడు కొందామన్నా అంగడిలో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. గ్రంథాలయాలు వీటిని దూరంనుండి పాఠకులకు అందించడానికి మినహాయింపు అడిగితే, 2024లో ఆ దేశపు కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. అభిమానులు కాపాడిన వాటిలో చాలా భాగం చట్టం దృష్టిలో దోషమే. కర్తల హక్కును నేను తేలికచేయను. కాని అమ్మనివాడు, ఇవ్వనివాడు, దాచనివాడు ఒక్కడే అయినప్పుడు గ్రంథం ఏమి కావాలి? ఒక శుభవార్త కూడా చెప్పాలి. యాక్టివిజన్‌ను కొన్న మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 నవంబరులో 'జోర్క్' మూడు భాగాల సోర్స్ కోడును అందరూ వాడుకొనేందుకు అనుమతించింది. ఆ కోడు అంతకు ముందే, 2019లో, జేసన్ స్కాట్ అనే సంరక్షకుని చొరవతో అంతర్జాలంలోకి వచ్చి ఉంది. ఎవరో ముందుగా దాచి ఉంచారు గనుకనే తరువాత అనుమతికి అర్థం కలిగింది.

సేకరణకర్తలందరూ ఒకటి కాదు. కొందరు పెట్టెపై చుట్టిన పారదర్శకపు పొర చిరగకుండా దాస్తారు. విప్పితే వెల పడిపోతుంది. మన ఇళ్ళలో తాళపత్రాల కట్టను గుడ్డలో చుట్టి, ఏటా పసుపు కుంకుమలు చల్లి, ఎన్నడూ విప్పకుండా చెదలకు అప్పగించిన భక్తి వంటిదే అది. కడపలో సొంత ఖర్చుతో పండితులను పెట్టి, ప్రతులు తెప్పించి, సరిచూసి, నకళ్ళు వ్రాయించిన బ్రౌన్ దొరది వేరొక భక్తి. నా విద్యార్థి రెండవ కోవకు చెందినవాడు. తన పెట్టెలలోని ప్రతి కాగితాన్నీ స్కాను చేసి పదిమందికీ పంచాడు. ఆ ఖాళీ సంచికి కూడా ఫొటో తీశాడు.

ఇదంతా నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఒకటి ఉంది. 1998లో, మా ప్రాంతపు సేద్యగాండ్ర నోట విన్న మాటలు రెండు నోటు పుస్తకాలలో అకారాది క్రమంలో వ్రాసుకొని, ఒక మిత్రుని కంప్యూటరులో టైపు చేయించాను. యూనికోడు మనకింకా అందని రోజులు అవి. ఏదో ఒక ఫాంటు. అన్నీ డిస్కులో భద్రంగా ఉన్నాయి కదా అని, ఇల్లు మారినప్పుడు రెండవ పుస్తకాన్ని చిత్తుకాగితాలలో వేసేశాను. పదేళ్ళ తరువాత ఫ్లాపీని తెరిపిస్తే తెరపై ఇంగ్లీషు అక్షరాల గందరగోళం తప్ప ఏమీ లేదు. ఆ ఫాంటు ఎక్కడా దొరకలేదు. మరికొన్నాళ్ళకు ఫ్లాపీ చదవడమే మానేసింది. మొదటి పుస్తకం 'న' వరకు ఉంది. 'ప' నుండి 'హ' వరకు పోయాయి. ఆ మాటలు చెప్పిన పెద్దలూ లేరు.

ఆ ఫ్లాపీకి ఒక్క అభిమాని ఉన్నా, ఒక్క నకలు మరొకరి ఇంట ఉన్నా, నేడు ఆ మాటలు ఉండేవి. కంప్యూటరు గుహలో తిరిగే మరుగుజ్జుకు దక్కిన అదృష్టం మా ఊరి రైతు మాటకు దక్కలేదు. తప్పు నాదే.

'అ' నుండి 'న' వరకు మిగిలిన మాటలను ఇప్పుడు యూనికోడులో మళ్ళీ టైపు చేస్తున్నాను. పూర్తయిన వెంటనే ఇక్కడ ఉంచుతాను. మిత్రులు తలా ఒక ప్రతి దించుకొని తమ వద్ద దాచుకోవలసిందిగా ప్రార్థన. ఎవరి ఇంటనైనా అటక మీద పాత ఫ్లాపీలు ఉంటే, ఈ వారమే దించి చూడండి.