రైతు వినియోగదారుడైన క్రమం: విత్తన వివాదాల చరిత్ర – ఒక పరిశీలన

కీలకపదాలు: విత్తన చట్టం, పత్తి రైతు, వినియోగదారుల రక్షణ, పరిహారం, టేకుమట్ల.

1. ఉపోద్ఘాతం

రైతును ఉత్పత్తిదారుడిగా చూడటం పరిపాటి. అయితే విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు కొనే సందర్భంలో అతడు కొనుగోలుదారుడు కూడా. న్యాయవ్యవస్థ ఈ రెండో స్థానాన్ని గుర్తించిన క్రమాన్ని, పూర్వపు వరంగల్ జిల్లాకు చెంది నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్న టేకుమట్ల వంటి పత్తి ప్రాంతాల దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పరిహారం లేని చట్టం

విత్తన నాణ్యతను నియంత్రించడానికి 1966లో విత్తన చట్టం వచ్చింది. దాని ప్రకారం తొలి నేరానికి శిక్ష 500 రూపాయల వరకు జరిమానా మాత్రమే. పంట కోల్పోయిన రైతుకు నష్టపరిహారం ఇప్పించే నిబంధన అందులో లేదు. 1997–98లో వరంగల్ జిల్లాలో లద్దెపురుగు పత్తిని నాశనం చేసి, అప్పులపాలైన రైతులు ఆత్మహత్యలకు పాల్పడినప్పుడు నాసిరకం విత్తనాలు, కల్తీ మందులు తీవ్ర చర్చకు వచ్చాయి. ఈ చట్టంలోని లోటు ఎంత పెద్దదో ఆ విషాదం తెలియజేస్తుంది.

3. రైతు వినియోగదారుడా?

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని మినహాయించింది. స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి కొన్న వస్తువులకు ఈ మినహాయింపు వర్తించదని 1993 సవరణ స్పష్టం చేసింది. అయినా వివాదం ఆగలేదు. ఆంధ్రప్రదేశ్ రైతుల ఫిర్యాదులపై జాతీయ విత్తన సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. రైతులు వినియోగదారులు కారనీ, విత్తనాలను ప్రయోగశాలలో పరీక్షించకుండా లోపాన్ని నిర్ణయించరాదనీ వాదించింది.

2012 జనవరిలో సుప్రీంకోర్టు ఈ వాదాలను తిరస్కరించింది. రైతు కొన్న విత్తనమంతా విత్తుకుంటాడు. లోపం బయటపడుతుందని ముందే ఊహించి నమూనా దాచుకోవాలని ఆశించలేమని పేర్కొంది. వినియోగదారుల చట్టం చూపే మార్గం ఇతర చట్టాలకు అదనమని నిర్ధారించింది. ఈ తీర్పులో రైతు అనుభవమే న్యాయసూత్రానికి ఆధారమైంది.

4. ముగింపు

2020 జులైలో అమలులోకి వచ్చిన 2019 చట్టం, ఫిర్యాదిదారు తాను నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయించే అవకాశం కల్పించింది. వ్యాజ్య కారణం ఏర్పడిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. అయితే కొనుగోలును రుజువు చేయవలసింది రైతే. విత్తనాలు ఉద్దెరకు ఇచ్చే దుకాణదారుడే అప్పిచ్చేవాడూ అయినచోట, రసీదు గట్టిగా అడగడం సులభం కాదు. రసీదు లేకపోతే హక్కు చట్టంలో ఉన్నా, ఫిర్యాదు కమిషన్‌లో నిలవడం కష్టం. కాబట్టి విత్తన సంచిని, లాట్ నంబరు గల బిల్లును పంట చేతికొచ్చేవరకు భద్రపరచుకోవడం, మొలక రాకున్నా, కాత లేకున్నా వెంటనే వ్యవసాయాధికారి చేత క్షేత్ర పరిశీలన నివేదిక రాయించుకోవడం అవసరం. న్యాయస్థానంలో గెలిచిన ఈ హక్కు గ్రామంలో నిలిచేది ఈ రెండు కాగితాల మీదనే.