ఉత్తరాంధ్రలో సూర్య పరిశీలన: బింబం నుండి గర్భానికి

శ్రీకాకుళం చెంతనున్న అరసవల్లి సూర్యారాధనకు ప్రసిద్ధం. సూర్యుని దూరదర్శినితో పరిశీలించే సంప్రదాయం కూడా ఉత్తరాంధ్రకు ఉంది. విజయనగరం అంతర్భాగంగా ఉన్న ఆనాటి విశాఖపట్నం జిల్లాలో, జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాలను నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా సాగిన శుక్ర సంక్రమణాన్ని పరిశీలించారు. సంక్రమణ క్షణాల కచ్చితమైన నమోదు సూర్యుని దూరాన్ని నిర్ణయించడానికి ఆధారం.

ఆ తరానికి గోచరించినది సూర్యుని వెలుపలి భాగమే. సూర్యగర్భానికి దారి చూపినవి కంపనాలు. సూర్యతలం సుమారు 5 నిమిషాల ఆవర్తన కాలంతో పైకీ కిందికీ ఊగుతున్నదని 1960లో అమెరికాలో లైటన్ బృందం గుర్తించింది. ఇది సూర్యుని లోపల చిక్కుకున్న ధ్వని తరంగాల ఫలితమని 1970లో రోజర్ ఉల్రిక్ వివరించారు. ఈ కంపనాల పౌనఃపున్యాలను బట్టి లోపలి ధ్వని వేగాన్నీ భ్రమణాన్నీ గణిస్తారు. అయస్కాంత క్రియాశీలత హెచ్చినప్పుడు పౌనఃపున్యాలు స్వల్పంగా పెరుగుతాయి, కంపన పరిమితి తగ్గుతుంది. 2009లో ప్రయోగించిన కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని ఈ అధ్యయనాన్ని సూర్యుని వంటి వందలాది నక్షత్రాలకు విస్తరింపజేసింది.

సాధనాలు మారినా రెండింటికీ మూలం కాలాన్ని కచ్చితంగా కొలవడమే. కనుక జగ్గారావు వేధశాలను జమీందారీ వైభవ చిహ్నంగా మాత్రమే గాక, ఆధునిక సౌరశాస్త్రానికి పునాదియైన పరిశీలనా క్రమశిక్షణలో భాగంగా ప్రాంతీయ చరిత్ర గుర్తించవలసి ఉంది.