విక్టోరియా కాలపు పూర్వీకుల అన్వేషణ

విక్టోరియా రాణి ఏలిన 1837–1901 మధ్యకాలంలో బతికిన ముత్తాతల, ముత్తవ్వల ఆనవాళ్లను సర్కారు దస్త్రాల్లోనూ ఇంటి పెద్దల మాటల్లోనూ వెతికి వంశవృక్షం కట్టడాన్ని విక్టోరియా కాలపు పూర్వీకుల అన్వేషణ అంటారు. బ్రిటన్‌లో ఇది ఎందరికో ఇష్టమైన వ్యాపకం. అయితే వాళ్లు తిరగేసే కాగితాల్లో దాదాపు ఏదీ మునిమనవల కోసం రాసింది కాదు. ఆస్తి హక్కులు తేల్చడానికి, మరణాలకు కారణాలు తెలుసుకోవడానికి, జనాన్ని లెక్కపెట్టడానికి ప్రభుత్వం రాసుకున్నవి. ఆ దస్త్రాలు ఎలా పుట్టాయో, జనం చేతికి ఎలా వచ్చాయో చెబితే ఈ అన్వేషణ చరిత్ర చాలావరకు చెప్పినట్టే.

పూర్వరంగం

చాలాకాలం వంశావళి కులీనుల సొత్తు. 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ వాళ్ల వంశచిహ్నాల లెక్క చూసేది. 1826లో మొదలైన ‘బర్క్స్ పీరేజ్’ వాళ్ల పుట్టుపూర్వోత్తరాలను అచ్చేసేది. కూలివాడికైనా కమ్మరికైనా దిక్కు ఊరి చర్చి రిజిస్టరే. ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసి ఉంచాలని ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఉత్తర్వు ఇచ్చాడు. కానీ అధికార చర్చికి దూరంగా ఉన్న బాప్టిస్టులు, కాథలిక్కుల వంటివాళ్ల పిల్లలు ఆ పుస్తకాల్లోకి సరిగా ఎక్కలేదు. పారిశ్రామిక పట్టణాలకు జనం వలస వెళ్లేకొద్దీ ఆ లోటు మరింత పెరిగింది.

పుట్టుక, పెళ్లి, చావు

విక్టోరియా 1837 జూన్ 20న రాణి అయింది. 11 రోజులకే, జూలై 1న, ఇంగ్లండ్, వేల్స్‌లలో పౌర రిజిస్ట్రేషన్ అమల్లోకి వచ్చింది. స్కాట్లండ్‌లో 1855లో, ఐర్లండ్‌లో పూర్తి స్థాయిలో 1864లో మొదలైంది.

తొలి రోజుల్లో పుట్టుకల సమాచారం రాబట్టడం రిజిస్ట్రారు పని. తల్లిదండ్రులే వచ్చి చెప్పాలన్న నిబంధన 1874 చట్టంతో, 1875 జనవరి నుంచి వచ్చింది. అందుకే తొలి దశాబ్దాల్లో పుట్టిన కొందరి జననపత్రం ఎంత వెతికినా దొరకదు. దొరికినా అందులోని తేదీని గుడ్డిగా నమ్మలేం. 42 రోజుల గడువు దాటిపోతే పుట్టినరోజును అసలు తేదీ కన్నా కాస్త తర్వాతిదిగా చెప్పినవాళ్లు ఉన్నారు.

ఈ పత్రాలను చదవడం అలవాటైన కళ్లకు చిన్న గుర్తులే పెద్ద కథ చెబుతాయి. ఇంగ్లండ్ జననపత్రంలో తేదీతో పాటు గంట కూడా రాసి ఉంటే ఆ బిడ్డ సాధారణంగా కవలల్లో ఒకరు. తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే సాధారణంగా తల్లికి పెళ్లి కాలేదన్నమాట. వివాహపత్రంలో వధూవరుల వృత్తి, నివాసం, ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. అడుగున సంతకం చోట గుణకారం గుర్తు ఉంటే రాయడం రానివాళ్లని అర్థం. 1840 ప్రాంతంలో పెళ్లి చేసుకున్న మగవాళ్లలో దాదాపు మూడోవంతు, ఆడవాళ్లలో దాదాపు సగం మంది అలా గుర్తు పెట్టినవాళ్లే.

ఇంటింటి లెక్క

1801 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీస్తున్నా, దేశమంతటా పేరుపేరునా వివరాలు నిలిచింది 1841 జూన్ 6 నాటి లెక్కతోనే. అందులో 15 ఏళ్లు దాటినవాళ్ల వయసును దిగువనున్న ఐదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు. 34 ఏళ్ల మనిషి కాగితం మీద 30 ఏళ్లవాడయ్యాడు. పుట్టిన ఊరి పేరు లేదు. ఇదే కౌంటీలో పుట్టారా లేదా అన్నదొక్కటే ఉంది. 1851 మార్చి 30 నాటి లెక్కలో అసలు వయసు, పుట్టిన ఊరు, ఇంటి యజమానికి ఏమవుతారన్నది చేరాయి. చర్చి రిజిస్టరు ఏ ఊళ్లో వెతకాలో వారసులకు తెలిసేది ఇక్కడి నుంచే.

ఇంటివాళ్లు నింపిన ఫారాలను గణకులు పుస్తకాల్లోకి ఎత్తి రాసుకునేవారు. విక్టోరియా కాలానికి మిగిలింది ఆ నకళ్లే. గణకుడి చెవికి ఎలా వినిపిస్తే, అతని చేతికి ఎలా తిరిగితే పేరు అలా నిలిచిపోయింది. 1851లో లండన్ సోహోలోని డీన్ స్ట్రీట్ 28వ నంబరు ఇంట్లో చార్లెస్ మార్క్ అనే ఒక డాక్టరు, తత్వశాస్త్ర రచయిత కనిపిస్తాడు. ఆయనే కార్ల్ మార్క్స్. అంతటి ప్రసిద్ధుడి పేరే ఇలా మారితే, అక్షరం రాని నేతపనివాడి పేరు ఎన్ని రూపాల్లో ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఐర్లండ్ వారసులకు ఆ మాత్రం భాగ్యమూ లేదు. 1861 నుంచి 1891 దాకా తీసిన లెక్కల అసలు కాగితాలను ప్రభుత్వమే నాశనం చేసింది. అంతకుముందువి చాలావరకు 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ దగ్గర అంతర్యుద్ధపు మంటల్లో కాలిపోయాయి.

ఇంట్లో చెప్పుకున్నవి, దాచుకున్నవి

కాగితం ఆగినచోట జ్ఞాపకం అందుకుంటుంది. కుటుంబ బైబిల్ మొదటి పేజీల్లో రాసుకున్న పుట్టినరోజులు, ఫోటో వెనక స్టూడియో చిరునామా, అమ్మమ్మ చెప్పిన మాట మంచి ఆధారాలు. 1860ల నుంచి చౌకగా దొరికిన కార్డు ఫోటోల కాలాన్ని దుస్తుల తీరును బట్టి, స్టూడియో ఆ వీధిలో నడిచిన ఏళ్లను బట్టి తేలుస్తారు.

జ్ఞాపకం దాచిపెట్టేవీ ఉంటాయి. భార్య చనిపోతే ఆమె చెల్లెల్ని చేసుకోవడం తెలుగునాట మామూలే. ఇంగ్లండ్‌లో మాత్రం 1835 చట్టం తర్వాత అటువంటి పెళ్లి చెల్లేది కాదు. 1907లో గానీ ఆ ఆంక్ష తొలగలేదు. కొన్ని జంటలు తమను ఎవరూ ఎరగని ఊరికి వెళ్లి పెళ్లి చేసుకునేవి. ఇక దత్తతకు చట్టం వచ్చింది 1926లోనే కాబట్టి, పెంచుకున్న బిడ్డ సంగతి ఏ కోర్టు దస్త్రంలోనూ ఉండదు. ఇంట్లో ఎవరైనా చెబితేనే తెలియాలి.

ఈ జ్ఞాపకాలను పద్ధతిగా సేకరించిన తొలి పెద్ద ప్రయత్నాల్లో చరిత్రకారుడు పాల్ థాంప్సన్‌ది ఒకటి. ఎసెక్స్ విశ్వవిద్యాలయం తరఫున ఆయన బృందం 1970ల తొలినాళ్లలో నాలుగు వందలకు పైగా వృద్ధులతో మాట్లాడి రికార్డు చేసింది. వాళ్లలో విక్టోరియా కాలంలో పుట్టినవాళ్లు చాలామంది. ఆ సామగ్రితో ఆయన రాసిన ‘ది ఎడ్వర్డియన్స్’ 1975లో వెలువడింది.

అట్టల రంగుల నుంచి కంప్యూటరు తెర దాకా

లండన్‌లో సొసైటీ ఆఫ్ జీనియాలజిస్ట్స్ 1911లో ఏర్పడింది. సామాన్యుల్లో ఆసక్తి ఉప్పొంగింది మాత్రం 1970ల్లో. అమెరికా రచయిత అలెక్స్ హేలీ తన పూర్వీకుల గురించి రాసిన ‘రూట్స్’ 1976లో వచ్చింది, మరుసటి ఏడాది టీవీ సీరియల్ అయింది. అప్పట్లో లండన్‌లోని సెయింట్ క్యాథరీన్స్ హౌస్‌లో పౌర రిజిస్ట్రేషన్ ఇండెక్స్ పుస్తకాలు వరుసగా పేర్చి ఉండేవి: ఎర్ర అట్టవి పుట్టుకలు, పచ్చవి పెళ్లిళ్లు, నల్లవి చావులు. ఏడాదికి నాలుగు విడతలు. పుట్టిన ఏడు కచ్చితంగా తెలియకపోతే ఆ బరువైన సంపుటాలను ఒక్కొక్కటిగా దించి చూసుకోవలసిందే.

ఆ ఇండెక్సులను కంప్యూటర్లోకి ఎక్కించే పనిని 1998లో ఫ్రీబీఎండీ స్వచ్ఛంద కార్యకర్తలు మొదలుపెట్టారు. 1901 జనాభా లెక్కలు 2002 జనవరి 2న ఆన్‌లైన్‌లో విడుదలైనప్పుడు రద్దీ తట్టుకోలేక కొద్ది రోజుల్లోనే వెబ్‌సైట్ ఆపేయవలసి వచ్చింది. ప్రముఖుల వంశచరిత్ర తవ్వే బీబీసీ కార్యక్రమం ‘హూ డూ యూ థింక్ యు ఆర్?’ 2004లో మొదలైంది. 2016లో వచ్చిన అధికారిక ఆన్‌లైన్ ఇండెక్సులో 1837 నుంచి పుట్టినవాళ్ల తల్లి పుట్టింటిపేరు కూడా చేరడంతో, ఒకే పేరున్న పిల్లల్లో తమవాళ్లెవరో తేల్చుకోవడం సులువైంది.

మద్రాసు రేవు నుంచి

విక్టోరియా పాలన ఇంగ్లండ్‌తో ఆగలేదు గనుక ఈ అన్వేషణా ఆగదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆంగ్లికన్ చర్చిలు తమ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లను లండన్‌కు పంపేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బందరులోనో సికింద్రాబాద్‌లోనో చనిపోయిన సిపాయి, గుమాస్తాల వారసులు వాటిని వెతుక్కుంటారు.

అదే ప్రెసిడెన్సీ నుంచి ఒప్పందపు కూలీలుగా ఓడెక్కిన తెలుగువాళ్లకు మరో రకం దస్త్రం ఉంది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. డర్బన్ ఉన్న నాటల్ కాలనీ ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తు రాశారు. మారిషస్‌కు వెళ్లినవారి దస్త్రాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వాటిలో కొందరి ఫోటోలూ ఉన్నాయి. తెలుగు ఊళ్ల పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చేతిలో పడి గుర్తుపట్టలేనంతగా మారాయి. అందుకే డర్బన్ నుంచి వచ్చే వారసులు జాబితా నకలుతో పాటు విశాఖపట్నం, గంజాం జిల్లాల పాత పటాలూ దగ్గర పెట్టుకుని, ఊరి పేరును పైకి చదివి చూసుకుంటూ వెతుకుతారు.