‘హక్కు’ పదం: అర్థపరిణామం, ప్రయోగం

న్యాయసమ్మతమైన స్వత్వాన్ని తెలిపే తెలుగు పదాలలో ‘హక్కు’ విస్తృత వ్యాప్తి గలది. అరబ్బీ ‘హక్’ పారశీక, ఉర్దూ భాషల మీదుగా తెలుగులోకి వచ్చి, అజంతభాషా స్వభావాన్ని అనుసరించి ఉకారాంతమైంది. మూలభాషలో దీనికి ‘సత్యం’, ‘ఒకరికి న్యాయంగా చెందవలసినది’ అనే రెండర్థాలూ ఉన్నాయి. తెలుగులో రెండవ అర్థమే స్థిరపడింది.

రెవెన్యూ వ్యవహారాలలో దీనికి సహచరమైన ‘ఇనాం’ కూడా అరబ్బీ మూలం కలదే. అయితే ఇనాం దాత ఔదార్యాన్ని సూచిస్తుంది. హక్కు పొందేవాని అర్హతను సూచిస్తుంది. ఈ భేదమే హక్కు పదానికి ప్రాణం. భూవిక్రయ దస్తావేజులలో ‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులు’ అనే ప్రయోగం సుపరిచితం. సంస్కృత, అన్యదేశ్య పదాల ఈ మిశ్రసమాసాన్ని వ్యవహారం నిస్సంకోచంగా ఆమోదించింది. ‘హక్కుదారు’లోనైతే పారశీక ప్రత్యయం కూడా వచ్చి చేరింది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని మూడవ భాగం తెలుగులో ‘ప్రాథమిక హక్కులు’ అయింది. హిందీలో ఇవి ‘మౌలిక్ అధికార్’, మలయాళంలో ‘మౌలికావకాశం’. కన్నడం తెలుగువలె ‘హక్కు’నే స్వీకరించింది. తెలుగులో ‘అధికారం’ ప్రధానంగా పాలించే శక్తికి పరిమితమైనందున, పాలకుని బలమూ పౌరుని అర్హతా వేర్వేరు మాటలతో వ్యక్తమవుతున్నాయి. 1966 నాటి ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంతో, ఆస్తిపత్రాలలో వ్యక్తికి చెందిన పదం ఒక జనసమూహపు డిమాండుకు వాచకమైంది.

క్రియాపదాల ఎంపికలోనూ ఈ అర్థభేదం ప్రతిఫలిస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తన పేరులోనే ‘గుర్తింపు’ అని చెప్పింది. షెడ్యూల్డు తెగలకూ, ఇతర సంప్రదాయ అటవీవాసులకూ అప్పటికే ఉన్న, నమోదు కాని హక్కులను గుర్తించడం ఆ చట్టం లక్ష్యం. ప్రచారభాషలో మాత్రం అది ‘పోడు పట్టాల పంపిణీ’గా మారింది. గుర్తించడంలో పూర్వస్వత్వానికి అంగీకారం ఉంది; పంపిణీ చేయడంలో దాతృత్వ స్ఫురణ ఉంది. పట్టా కాగితాన్ని పంచవచ్చు గాని, అది ధ్రువీకరించే హక్కును పంచడమనేది పొసగదు. ఆ క్రియ మారినప్పుడు హక్కు తిరిగి ఇనాం అర్థంలోకి జారిపోతుంది. హక్కుదారు లబ్ధిదారుగా మిగిలిపోతాడు.