లెట్: అనుమతా? అడ్డంకా?

భారత పాస్‌పోర్టు లోపల రాష్ట్రపతి పేరిట ఆంగ్లంలో ఒక అభ్యర్థన ఉంటుంది: ఈ పత్రం గలవారిని 'లెట్' గానీ 'హిండ్రెన్స్' గానీ లేకుండా స్వేచ్ఛగా పోనివ్వండి అని. 'లెట్' అంటేనే పోనివ్వడం కదా, అది లేకుండా పోనివ్వడమేమిటి?

ఈ 'లెట్' వేరు. ప్రాచీనాంగ్లంలో 'లేటన్' అంటే వదలడం, అనుమతించడం. 'లెట్టన్' అంటే అడ్డగించడం. రెండోది 'మందమైన' అనే అర్థం గల మాట నుంచి పుట్టింది. మనం నిత్యం అనే 'లేటు'కు దాయాది. ఇంకా వెనక్కి వెళితే రెండింటి ధాతువూ ఒకటే, సడలడం. పట్టు సడలితే అనుమతి, నడక సడలితే ఆలస్యం. కాలక్రమాన చివరి అక్షరాలు అరిగిపోయి రెండూ ఒకే రూపానికి వచ్చాయి.

శతాబ్దాల పాటు ఈ విరుద్ధార్థాలు కలిసే కాపురం చేశాయి. తండ్రి ప్రేతం వెంట వెళ్ళబోతూ, తనను పట్టి ఆపిన మిత్రులతో, 'లెట్' చేసినవాణ్ణి చంపుతానంటాడు హామ్లెట్. నేటి అర్థంతో చదివితే పోనిచ్చినవాడికే చావు! 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో, థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రికలోనూ అడ్డగించడానికి ఇదే మాట. 1881 సవరణలో పండితులు దాన్ని మార్చక తప్పలేదు.

చివరకు అనుమతే గెలిచింది. అడ్డంకి మాత్రం న్యాయవాదుల జంటపదాల మోజు పుణ్యమా అని పాస్‌పోర్టులోనూ, వలను తాకిన టెన్నిస్ సర్వీసులోనూ తలదాచుకుంది.